చైర్మన్‌గారి పూలకుండీలు

నోట్లో గుండుసూదులు పెట్టుకున్న మనిషికి మాట్లాడటం కుదరదు. ఈ సంగతి ఆ వీధి ఆడవాళ్ళందరికీ తెలుసు. అందుకే టైలరక్క పెదాల మధ్య సూదులు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, గౌను అంచు మడవడం మొదలుపెట్టేదాకా ఓపిక పట్టేవాళ్ళు. మామూలప్పుడు ఆవిడ ముందు ఇంకొకరి మాట సాగితేగా! సూదులు నోట్లో పడ్డాయా, ఇక వాళ్ళదే రాజ్యం.

ఆ నెలంతా ఒకటే కబురు. టైలరక్క తమ్ముడు, అంటే సాక్షాత్తూ ఊరి మున్సిపల్ చైర్మను, పూలకుండీలు దొంగిలిస్తున్నాడట. పార్కులోవి, ఆస్పత్రి వరండాలోవి, ఆఖరికి తన ఆఫీసు మెట్ల మీదవి కూడా. ఆఫీసు కారు డిక్కీలోంచి క్రోటను ఆకులు వేలాడుతుంటే ఎవరో ఫొటో తీసి ఊరంతా పంచారు. దాంతో విచారణ వేశారు. డబ్బు తిన్నాడంటే జనం ఆవులించి అటు తిరిగి పడుకునేవాళ్ళే. కుండీలేమిటండీ, కుండీలు! ఎందుకో తేలక ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు.

“మట్టికింద నోట్లకట్టలు ఉంటాయి, చూస్తూ ఉండండి,” అంది నర్సు, కొత్త యూనిఫారానికి కొలతలిస్తూ.

“నీ మొహం. దాచుకునేవాడు పార్కులో దాచి ఇంటికి మోసుకొస్తాడా? బావమరిది నర్సరీ పెడుతున్నాడట. సరుకు ఇక్కణ్ణించే,” అంది టీచరమ్మ.

“ఊఁహూఁ,” అంది టైలరక్క సూదుల సందులోంచి. మరదలికి అన్నదమ్ములే లేరాయె.

“అయితే భార్య పోరే అయ్యుంటుంది. ఆవిడకి పచ్చదనం పిచ్చట.”

నిజం చెప్పొద్దూ, ఇదంతా టైలరక్కకి మహా సరదాగా ఉండేది. సాయంత్రం ఇంటికెళ్ళి ఒక్కొక్కరి గొంతూ పెట్టి చెబుతుంటే మొగుడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. “మావాడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తడానికే బద్ధకిస్తాడు, కుండీలెత్తుతాడా? ఎవడో గిట్టనివాడు పుట్టించిన పుకారు,” అని కొట్టిపారేసేది.

ఆ సరదా ఒక మధ్యాహ్నంతో ఆవిరైపోయింది. కాంట్రాక్టరు భార్య అద్దంలో తన నడుం చూసుకుంటూ, “ఎవరెన్ని చెప్పినా అసలు కారణం ఒకటేనమ్మా. తల్లి లేని పిల్లాడు. పెంచినవాళ్ళు ఏం నేర్పి పెంచారో!” అంది.

టైలరక్క నోట్లోంచి ఒక్కో సూదీ తీసి చిన్న గుడ్డదిండుకి గుచ్చింది.

“పెంచింది నేనే,” అంది. “గౌను రేపు ఇస్తాను. ఇవాళ కొట్టు కట్టేస్తున్నా.”

మాటలు పడటం ఆవిడకి కొత్త కాదు. కానీ ఈ మాట గుండెలో కలుక్కుమంది. అమ్మ పోయేనాటికి ఆవిడకే జడ వేసుకోవడం సరిగా రాదు. ఆ చంటివెధవని మిషను కింద కూర్చోబెట్టుకుని, కాలితో మిషను తొక్కుతూ, నోటితో ఎక్కాలు చెబుతూ పెంచింది. వాడే తన బతుకులోకెల్లా మంచి పనితనం అనుకుంటూ వచ్చింది. తీరా బట్ట మొదట్లోనే వంకరగా కత్తిరించి ఉంటే? ఇక ఎక్కడ సరిచేస్తుంది?

తిన్నగా తమ్ముడింటికి వెళ్ళింది. మరదల్ని పలకరించనైనా లేదు, చరచరా మేడెక్కింది.

పుకారు కాదు. మేడంతా కుండీలే! చైర్మన్‌గారు బనీనుతో నిలబడి నీళ్ళు పోస్తున్నారు. అక్కని చూడగానే మగ్గు వీపు వెనక దాచుకున్నారు.

“ఎందుకురా?”

“అదే అక్కా... అక్కడ ఎండిపోతుంటే చూడలేక...”

“తోటమాలి కన్నబిడ్డల్లా చూసుకుంటాడు వాటిని. నాకు చెబుతున్నావా కథలు? నేను పెంచిన తప్పేనా, చెప్పు. అదొక్కటి తేలాలి నాకు.”

తమ్ముడు తల గోక్కున్నాడు. “కొన్నవన్నీ చచ్చిపోతున్నాయే అక్కా. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది.”

“నా మాటేంటి?”

“నన్ను సందు చివర కాపలా పెట్టి పక్కింటి గులాబీ కొమ్మ తుంచేదానివి కాదూ? ‘కొన్న మొక్క కుంటుతుందిరా, దొంగ మొక్క దూకుతుంది’ అనేదానివి. నిజమేనే! చూడు, ఒక్కటైనా వాడిందా?” ఆ మొహంలో సిగ్గు కన్నా గర్వమే ఎక్కువగా ఉంది.

టైలరక్క నోరు తెరిచింది. చుట్టూ చూసింది. నిజంగానే ప్రతి మొక్కా పొగరుగా నిగనిగలాడుతోంది. ఇంకేముంది, మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది.

“ఓరి నా పిచ్చి సన్నాసీ! వేలెడు కొమ్మ తుంచుకోమన్నాన్రా! కుండీతో సహా ఎత్తుకురమ్మన్నానా!”

తమ్ముడికీ నవ్వాగలేదు. కింద మరదలు కంగారుపడి “ఏమైందీ?” అని కేకేసింది. ఇద్దరిలో ఒక్కరికీ జవాబు చెప్పే ఊపిరి లేదు.

నవ్వు తగ్గాక ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. “పద, తిరిగి పెట్టేద్దాం. తర్వాత విచారణ చేసే ఆయన దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెబుతావు.”

“చీకటి పడనీవే.”

“చీకట్లో మోసింది చాలు.”

పట్టపగలు, సొంత చేతులతో, అక్కాతమ్ముళ్ళు పార్కు గేటు ముందు కుండీలు దించడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా దిగింది. “భయపడ్డాడు” అని ఒకరు, “ఎన్నికలొస్తున్నాయిగా” అని ఒకరు, “ఎవరో స్వామీజీ చెప్పుంటాడు” అని ఇంకొకరు. తోటమాలి మాత్రం ప్రతి కుండీ చుట్టూ తిరిగి, “నా దగ్గర కంటే బాగున్నాయే!” అని బుగ్గలు నొక్కుకున్నాడు.

కాంట్రాక్టరు భార్య కూడా వచ్చింది. టైలరక్క చంకలో కుండీతో ఆవిడ ముందు ఆగింది.

“నువ్వన్నదే నిజమమ్మా. పెంపకమే. మొక్క దొంగతనం వీడికి నేర్పింది నేనే,” అంది ఊరందరికీ వినబడేలా. “తిరిగి మోసుకురావడం కూడా నేనే నేర్పుతున్నా, కాస్త ఆలస్యమైంది. రా, ఒక చెయ్యెయ్యి, బరువుగా ఉంది.”

ఆవిడ మొహం ఎర్రబడింది. అయినా కొంగు దోపుకుని వచ్చి రెండో పక్క పట్టుకుంది.

“అక్కా, పదవి పోతుందేమోనే,” అన్నాడు తమ్ముడు వెనకనుంచి మెల్లగా.

“పోతే కొట్టుకి రా. కాజాలు కుట్టేవాళ్ళు దొరక్క చస్తున్నా.”

చైర్మన్‌గారు చేతిలో కుండీ పట్టుకుని, ఊరందరి ముందు, చిన్నపిల్లాడిలా పకపకా నవ్వారు.