చివరి చుట్టకు జోడీ

మా పక్కింటి చాచా పోయాడు. మసీదు మైకులో ఆ మాట విన్నప్పుడు పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో నురుగుతోనే వాళ్ళింటికి పరుగెత్తాను. చాచీ నన్ను చూసి, "నీ దోస్తు పోయిండు బేటా" అంది. ఆయనది మా బాపు వయసు. అయినా దోస్తే.

నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో చాచా సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యాడు. షిఫ్టుకు ముందే లోపలంతా తిరిగి, గాలి చూసి, పైకప్పు తట్టి చూసి, బాగుందని ఆయన అంటేనే మిగతావాళ్ళు పని మొదలుపెట్టేవాళ్ళు. మూసేసిన పాత గుంటల్లో బొగ్గు దానంతటదే వేడెక్కి రాజుకుంటుందట. పొగ కంటే ముందు వాసన వస్తుందట. "తడిసిన గొంగడి మీద గ్యాసునూనె ఒలికినట్టుంటది" అని, ఆ కిరోసిన్ కంపు గురించి చెప్పేవాడు. ఒకసారి ఆ వాసన ఆయన ఒక్కడికే తగిలింది. పక్కవాళ్ళు నవ్వుతున్నా వినకుండా అందరినీ బయటికి తోలాడు. ఆ సాయంత్రానికే ఆ దారంతా పొగ కమ్మేసింది. "వాసనొచ్చినంక ఎవ్వల్ని అడుగుడు లేదు. బయటికి నడుసుడే" అనేవాడు చాచా.

బాయిలో అగ్గిపెట్టె దొరికితే కొలువు పోయినట్టే. దిగేముందు జేబులు తడిమేవాళ్ళు. అన్నేళ్ళు అట్లా ఆపుకున్నందుకేమో, రిటైరయ్యాక చాచా పొగను భక్తిగా తాగాడు. దుబాయిలో ఉన్న అన్న కొడుకు చెక్కపెట్టెలో పంపే ఖరీదైన చుట్టలు. బొటనవేలంత లావు, నడుముకు బంగారు రంగు పట్టీ. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకటి తీసి, చాచీ అడకత్తెరతో కొస కత్తిరించేవాడు. వక్కలకు పొగాకు వాసన పట్టిందని చాచీ తిడుతూనే ఉండేది. అగ్గిపుల్ల గీసి, దాని మందు వాసన పోయాకే అంటించేవాడు.

"మింగకు బేటా. పొగను మెహమాన్ లెక్క నోట్ల కూసోవెట్టి, మర్యాదగ సాగనంపాలె."

ప్రతి చుట్టకూ ఒక పానీయం కుదర్చాలని ఆయన పట్టుదల. మొదట్లో మిరియం ఘాటు తగిలే చుట్టకు నిమ్మరసం పిండిన నల్ల చాయ్. నడుమకు వచ్చేసరికి వేయించిన పల్లీల రుచి ఇచ్చేదానికి చిక్కని కాఫీ. కొసన తోలు చెప్పు వాసన వచ్చేదానికి నా రమ్ము. ఆయన జీవితంలో మందు ముట్టలేదు. నా గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు. "గీ పిల్ల గా ఇంటికి పొసగదు. వేరే చుట్ట తియ్." తాగి చూస్తే అది నిజమే అయ్యేది.

"తాగనోనివి, నీకెట్ల తెలుస్తది చాచా?" అంటే, "సంబంధం చూసెటోడు కాపురం జెయ్యాల్నా?" అని నవ్వేవాడు. చుట్టను నలిపి ఆర్పనిచ్చేవాడు కాదు. దానంతటదే ఆరాలి. అదీ మర్యాదే.

పోయిన వానాకాలం ఒక ఆదివారం, రెండు దమ్ములు లాగి చుట్టను తిప్పి తిప్పి చూశాడు.

"గిందుల బాయి వాసనొస్తుంది."

నేనూ ఒక దమ్ము లాగాను. పల్లీలే. "ఏం లేదు చాచా" అన్నాను.

"అయితే చాయ్‌ల తేడా ఉంది."

చాచీ చాయ్‌పత్తా మార్చింది. తర్వాత నీళ్ళు మార్చింది. మరుసటి వారం కాఫీ, ఆపైన అల్లం సోడా. నా రమ్ము వాసన చూసి, "గిదీ గ్యాసునూనే" అని మొహం తిప్పుకున్నాడు. కప్పు పెదాల దగ్గర ఆగిపోవడం మొదలైంది. మింగేటప్పుడు మెడ నరాలు ఉబ్బేవి. గొంతు బొంగురుపోయింది. నాకు భయం వేసింది.

"దవాఖానకు పోదాం చాచా."

"ఫికర్ వద్దు. నా ముక్కు మంచిగనే ఉంది. జోడీ కుదుర్త లేదు, గంతే."

బాయిలో అంతమందిని బయటికి నడిపించిన మనిషి, తన ఒంట్లోంచి వస్తున్న వాసనకు కప్పులో తప్పు వెతికాడు. ఆ కోపం నాకింకా తీరలేదు. చివరికి కరీంనగర్ తీసుకెళ్తే, డాక్టర్ గొంతులోకి లైటు వేసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు. తిరిగొచ్చిన నా మొహం చూసి చాచానే అడిగాడు: "లోపల్నే రాజుకున్నదా?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"గీ బాయిలకెల్లి బయటికి తొవ్వ లేదు బేటా" అన్నాడు.

మట్టి ఇచ్చి వచ్చాక చాచీ నాకా చెక్కపెట్టె ఇచ్చింది. ఒకటే మిగిలింది. "జోడీ నువ్వే చూస్కోమన్నడు."

మొన్న ఆదివారం ఆయన అరుగు మీదే కూర్చుని అడకత్తెరతో కొస కత్తిరించాను. చాచీ నల్ల చాయ్ పెట్టింది. పొగను నోట్లో కూర్చోబెట్టాను. మిరియం వచ్చింది. కాసేపటికి పల్లీలు వచ్చాయి. ఎంత మంచి రుచో చెబుదామని పక్కకు తిరిగాను. ఆయన కుర్చీ ఖాళీ.

ఆ తర్వాతి దమ్ములో తడి గొంగడి తగిలింది.

చాయ్ పారబోసి ఇంకో కప్పు పోయించుకున్నాను. మళ్ళీ అదే. "చాయ్‌పత్తా మార్చినవా చాచీ?" అని అడిగాను. అది చాచా మాటేనని నోట్లోంచి వచ్చాక తెలిసింది. చాచీ కెటిల్ దించి నా గొంతు వైపు చూసింది.

లేచి నిలబడ్డాను గానీ, ఎటు నడవాలో తెలియలేదు. సాసర్ అంచున పెట్టిన చుట్ట ఆరడం లేదు. సన్నటి పొగ నా వైపే వస్తోంది.