నలుపు ఎరుపుల నడుమ తెల్ల పట్టీ

వేలూరులో కాలేజీ ముగించిన మా మనవరాలు ఈమధ్య హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, ఏదో పెట్టాలని ఫోనులో ఎవరితోనో వాదిస్తూనే ఉంటోంది. అన్నం పెట్టినా నిలబడే తింటుంది. నిన్న ఉండబట్టలేక, నువ్వు పెట్టబోయేది కొట్టా, ఫ్యాక్టరీనా అని అడిగితే, రెండూ కాదవ్వా, స్టార్టప్ అంది. కొనేవాళ్ళున్నారని తెలిసి పెట్టేది కొట్టట. ఎవరు కొంటారో తెలియకుండానే కొత్త సరుకు తయారుచేసి, కొనేవాళ్ళు దొరికేదాకా దాన్ని మార్చుకుంటూ పోయి, దొరికాక ఊరూరికీ పెంచుకునేది స్టార్టప్పట. అది విన్నప్పటినుంచీ నాకూ కుదురు లేదు, అలాంటి మనిషితోనే కదా నేను కాపురం చేసింది.

గుడియాత్తం బజారులో మా మామగారిది బట్టల కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. అక్కడ ఏ పార్టీ ఊసూ ఎత్తకూడదన్నది ఆయన కట్టడి. మా ఆయనేమో గద్దె మీద పట్టుమని పది నిమిషాలు కూర్చోలేరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఊరంతా మైకులు, జెండాలు. ఒక పార్టీ మీటింగు చూసొచ్చి ఈయనది ఒకటే ధ్యాస, పార్టీ రంగులు అందరి భుజాల మీది తువాళ్ళలో ఉన్నాయే, పంచె అంచులో ఎందుకుండకూడదని. కైలీలు, అదే లుంగీలు, నేసేవాళ్ళను బతిమాలి నలుపు, ఎరుపు అంచు పంచెలు నేయించారు. మామగారు ఒక్కమాటే అన్నారు.

"వేలూరు మానాడు దాకా చూస్తా. అప్పటికీ ఇవి పోలేదంటే, మళ్ళా యాడికీ తిరగబాకు నాయనా, వచ్చి నా పక్కన కూసో."

మానాడంటే పార్టీ మహాసభ. అది దగ్గర పడుతుండగా పార్టీ రెండుగా చీలింది, సభ ఆగింది, పంచెలు నట్టింట్లో గుట్టగా మిగిలాయి. మర్నాడు పొద్దున మా ఆయన మాట ప్రకారం వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నారు. తలుపు సందులోంచి ఆ వంచిన తల చూసి నాకు భయమేసింది, ఈ మనిషి ఇక జన్మంతా ఇలాగే ఉండిపోతాడేమోనని.

ఆ రోజు మొదట వచ్చినాయన చీలిపోయిన కొత్త పార్టీ మనిషి. వాళ్ళ కొత్త జెండాలోలా నలుపు ఎరుపుల మధ్య తెల్ల గీత ఉన్న పంచె కావాలన్నాడు. లేదని మా ఆయన చెప్పబోతుంటే మామగారు అడ్డుకున్నారు.

"బోణీ మనిషిని ఉత్త చేతుల్తో పంపేది ఈ కొట్లో లేదు. ఏమన్నా చెయ్."

ఆ మాటే చాలింది. ఆయన గద్దె దూకి, పంచె పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చారు, నేను రవికెలకు తెచ్చుకున్న తెల్ల పట్టీని రెండు రంగుల నడుమ మిషను మీద కుట్టేశాను. సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. ఒకే గుట్టలోంచి పాత పార్టీవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు, కొత్త పార్టీవాళ్ళకు పట్టీ కుట్టి ఇచ్చాం, నా వేళ్ళు వాచిపోయాయి. తర్వాత ఈయన మూటలేసుకుని పొన్నై, నెమిలి బస్సులెక్కారు. మామగారు మళ్ళీ పక్కన కూర్చోమనలేదు.

తెల్ల గీత మగ్గం మీదే పడి, వ్యాపారం దాని దారిన అది నడిచే రోజు వచ్చేసరికి ఈయనకు విసుగు పుట్టింది. దాన్ని మరిదికి అప్పగించి అగ్గిపెట్టెల వ్యాపారం మీద పడ్డారు, ఆపైన ఇంకేవేవో. కొన్ని నిలిచాయి, కొన్ని మునిగాయి. మనవరాలి లెక్కన చూస్తే, స్టార్టప్ కొట్టుగా మారిన ప్రతిసారీ ఆయన లేచి వెళ్ళిపోయారన్నమాట.

ఇప్పుడు ఆ ఆరాటాన్ని కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారట. చుట్టాల ముందు మా పిల్ల స్టార్టప్ అన్న మాట తలెత్తుకుని చెబుతుంది, వాళ్ళూ మెచ్చుకుంటారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మీ ఆయన ఇప్పుడేం చేస్తున్నాడమ్మా అని అడిగితే, నేను నవ్వి ఊరుకునేదాన్ని. చెప్పుకోవడానికి నా దగ్గర ఒక మాట లేకపోయింది. కుదురు లేని మనిషి అనిపించుకుంటూనే ఆయన కన్నుమూశారు.