మీటరులో రాగి పోగు

దిల్‌సుఖ్‌నగర్‌లో వోల్టేజీ, కరెంటు కొలిచే చేతి మీటరు కొనడానికి ఎవరైనా నన్ను వెంట తీసుకెళ్తే షాపువాళ్లు మొహం చిట్లిస్తారు. నేను ముందుగా వెనక మూత విప్పించి ఫ్యూజు చూస్తాను. పెద్ద ప్యానెల్ బోర్డులకు వాడేదైతే మీద భద్రత గుర్తుగా కేటగిరీ త్రీ అని ఉండాలి, లోపలి ఫ్యూజు కూడా దానికి తగినదే అయి ఉండాలి. వెయ్యి వోల్టులని పెద్దక్షరాలతో రాసుకున్న చౌక మీటర్లను ముట్టుకోను కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అందులోనూ, కాలినవి నా చేతులు కావు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది నల్లగొండ వైపు పల్లె, నాతో కలిసి పనిచేసే ఆయనది గుంటూరు వైపు. వయసులో పెద్ద, అన్నా అనేవాణ్ణి. ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇద్దరం కరెంటు పని చేసేవాళ్లం.

"రాష్ట్రం వస్తే నన్ను పంపించేస్తావా తమ్ముడూ?" అని ఏడిపించేవాడు.

"నువ్వు పోతే నిచ్చెన ఎవరు పట్టుకుంటరన్నా?" అనేవాణ్ణి.

పట్టుబట్టి మంచి మీటరు కొనిపించింది ఆయనే. ఒకరోజు దాని ఫ్యూజు నా చేతిలో పోయింది. కరెంటు కొలిచే రంధ్రంలో ఉన్న ఎర్ర వైరును వోల్టేజీ రంధ్రంలోకి మార్చకుండానే లైనుకు ఆనించాను. అలాంటి మతిమరుపు నుంచి మనిషిని కాపాడేది ఆ ఫ్యూజే. మర్నాడు బంద్, షాపులన్నీ మూసేశారు. ఇంట్లో ఫ్యూజు పోతే ఏం చేస్తాం? రాగి పోగు చుడతాం. మీటరులోనూ అదే చేశాను.

బంద్ అయిన మర్నాడు పొద్దున్నే మీర్‌పేట్‌లో పని.

"ఫ్యూజు దొరికిందా?" అని అడిగాడు.

"దొరికిందన్నా" అన్నాను. తిడతాడని భయం, అంతే. షాపు తెరవగానే మార్చేద్దామనుకున్నాను.

ఆయన ముందు ఒక చిన్న మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూశాడు. తర్వాత మెయిన్ ప్యానెల్‌లో వోల్టేజీ చూడబోయాడు. పక్కన నిలబడి నేను బంద్ కబుర్లు చెబుతున్నాను. ఆ మాటల్లో పడి ఆయన కూడా వైరు మార్చలేదు. ఫ్యూజైతే వెంటనే తెగిపోయేది, రాగి పోగు తెగలేదు; మీటరు ఆయన చేతిలోనే పేలింది. కుడిచెయ్యి కాలింది, రెండు కళ్లూ పోయాయి.

నెలల తర్వాత ఆయన సొంతూరికి వెళ్లిపోతుంటే ఎల్‌బీ నగర్‌లో గుంటూరు బస్సు దగ్గరికి వెళ్లాను. ఆయన భార్య సామాను ఎక్కిస్తోంది.

"అన్నా, ఆ ఫ్యూజు..." అన్నాను.

"బంద్ రోజు ఫ్యూజు ఎక్కడ దొరుకుతుంది తమ్ముడూ? ఆసుపత్రిలో పడుకున్నాక తట్టింది నాకు." తడుముకుంటూ నా భుజం పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. అసలే రోజులు బాగాలేవు. ఆంధ్రావాడని కావాలనే చేశావంటారు."

బస్సు మెట్టు కోసం కాలితో వెతుక్కుంటుంటే చెయ్యి పట్టి ఎక్కించాను. అప్పటికింకా రాష్ట్రం రాలేదు. ఆయన్ని పంపించేసింది నేనే.