శాసనసభ్యుల సీటు

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సులో, ‘శాసనసభ్యులకు’ అని రాసి ఉన్న సీటులో నేను కూర్చున్నాను. పక్కనే ఒక పెద్దాయన నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన ఎదుట ఒకామె ఒక చేత్తో బస్సు కడ్డీ, ఇంకో చేత్తో భూమి కాగితాలు పట్టుకొని ఏడుస్తోంది. ఆ రోజే ఆర్డీవో దగ్గర విచారణ. ఆమె వకీలు రానన్నాడట.

“ఏడ్వకు బిడ్డా. మూడే ముక్కలు చెప్పు. భూమి ఎవలిది, ఎవలు దున్నుతున్నరు, రుజువేంది. గా కడ్డీ ఇడిశిపెట్టి చెప్పు,” అన్నాడాయన.

మొదటిసారి ఆమె మూడూ కలగాపులగం చేసింది. రెండోసారి రుజువు మరిచిపోయింది. మూడోసారి, ఊగే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడి, మూడూ చెప్పింది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

“సారు ముందుగాల మిలిటరీ, తర్వాత వకీలు, రెండుసార్లు మన ఎమ్మెల్యే,” అన్నాడు కండక్టర్ నాతో. నేను గబుక్కున లేచాను.

“మొన్న ఓడగొట్టిండ్రు గదా తమ్మీ,” అని నవ్వి, ఆయన ఆమెను ఆ సీటులో కూర్చోబెట్టాడు. “ఇయ్యాల మాట్లాడేది గీమె.”

ఇప్పటికీ నేను ఏ దరఖాస్తు రాసినా మూడు ముక్కల్లోనే రాస్తాను.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆయన లేడు. ఆమె మాత్రం అదే సీటులో ఉంది.

“మూడో ముక్క అయిపోంగనే ఆర్డీవో సారు కలం పట్టిండు అన్నా! భూమి నాదే!”