జల్లెడమ్మ అడిగే మొదటి ప్రశ్న

మా అక్క కూతురికి ఆ ఉద్యోగం ఆఫీసు పెద్దసారు చుట్టరికంతో వచ్చిందని మెట్ల దగ్గర చెప్పుకుంటున్నారట. చుట్టరికమూ లేదు, చట్టుబండలూ లేవు. ఆయన మొహం చూడకముందు అది పదకొండేళ్లు బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుంది. అద్దం కింద అరచెయ్యి పట్టేంత కంత ఉండేది. అందులోంచి అవతలివాళ్ల చేతులు తప్ప ఏమీ సరిగా కనపడేవి కావు. ఆ చేతుల్ని చూసే మనిషికి ఎంత తొందరో చెప్పేసేది. దాని చదువంతా అక్కడే.

ఇప్పుడు చేసే పనేమిటో కూడా చాలామందికి తెలియదు. ఫోన్లో టికెట్ కొనేటప్పుడు పైన చిన్న చిన్న గళ్లుంటాయి చూడండి, పొద్దున బస్సా, సాయంత్రమా, కిటికీ సీటా, ధర ఎంతలోపు అని. వాటిని ఫిల్టర్లంటారు. మనం టిక్కు పెట్టేకొద్దీ వందల టికెట్లు నాలుగైదుకు దిగుతాయి. ఏ గడి ముందుండాలి, ఏది వెనకుండాలి, దేనికి ఏం పేరు పెట్టాలి అన్నది చూసేది మా పిల్లే. అందుకే ఆఫీసులో జల్లెడమ్మ అని పిలుస్తారు. దానికేం కోపం రాలేదు. "జల్లించకుండా తింటే పళ్ల కింద రాళ్లొస్తాయి, అప్పుడు తెలుస్తుంది నా విలువ" అందట.

ముందు ఆర్నెల్లు చూస్తామని తీసుకున్నారు. ఆఖరి వారంలో ఫోన్లో కనిపించే పాత తెర, ఇది తయారుచేసిన తెర పక్కపక్కన పెట్టి, బయటినుంచి పదిమందిని పిలిచి టికెట్లు వెతికిస్తామన్నారు. పాతదే నయమని తేలితే ఇంటికే. వెనక్కి పోదామంటే ఆ కౌంటరు మూసేశారు. కంతకు అట్టముక్క అంటించి ఉంది, నేను కళ్లారా చూశాను.

ఆ పరీక్షకు ముందురోజు పొద్దున్నే ఫోను పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. దానికి కావలసింది నాలాంటి మనిషే.

"పిన్నీ, మనం ఐదుగురం అమ్మమ్మను చూడ్డానికి వెళ్లాలనుకో. నీ దగ్గర నాలుగు వేలున్నాయి. టికెట్లు వెతుకు. నేను నోరు మూసుకుంటా."

"నువ్వా?"

"ఇవాళ ఒక్కరోజే."

ధర గీత మీద చుక్కను నాలుగు వేల దగ్గరికి జరిపాను. పొద్దున బస్సు, కిటికీ సీటు టిక్కు పెట్టాను. పదకొండు బస్సులు వచ్చాయి. అన్నిట్లోకీ మెత్తటి సీట్లది ఎంచుకుని, ఇంత తేలికా అనుకుంటూ ఐదుగురి పేర్లూ కొట్టాను. చివరికి తొమ్మిదిన్నర వేలు కట్టమంది.

"ఇదెక్కడి దొంగ బస్సే?"

"దొంగదేం కాదు పిన్నీ. అక్కడ అడిగింది మనిషికి ఎంతలోపు అని..."

"మనిషికి ఎంతో నాకేం తెలుసు? నా పర్సులో ఎంతుందో అది చెప్పాను."

అది టీ కప్పు దగ్గరికి లాక్కుంది. కాసేపు స్పూనుతో కప్పులో చక్కెర కలుపుతూనే ఉంది. చక్కెర కరిగి చాలాసేపయింది.

"పిన్నీ, కౌంటర్లో నేను మొదట ఏం అడిగేదాన్ని?"

"ఎంతమంది అనేదానివి. తర్వాత సామానెంత అనేదానివి. అప్పుడు మొత్తం చెప్పేదానివి. తలకింత అని ఒక్కనాడూ చెప్పలేదు."

"మరి ఇక్కడెలా మర్చిపోయాను?"

"మెత్తటి కుర్చీ ఇచ్చారుగా."

నవ్వలేదు. టీ అలాగే వదిలేసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రానికల్లా ఎంతమంది, సామానెంత అనే రెండు గళ్లను ధర కంటే ముందుకు తెచ్చింది. ధర గీత మీద మొత్తం లెక్కే కనపడేలా చేసింది.

పెద్దసారు ఒప్పుకోలేదు. ఈ మాట మా పిల్ల చెప్పిందే కాదు, అక్కడ టీ ఇచ్చే ఆవిడా చెప్పింది.

"అందరూ మనిషి ధరే చూపిస్తారమ్మా. మనమొక్కళ్లమే మొత్తం చూపిస్తే అంకె పెద్దదై కూర్చుంటుంది. జనం పారిపోతారు."

"చివర్లో చూసినవాళ్లు తిట్టుకుంటూ పోతారు సార్. మొదట్లోనే చూసినవాళ్లు ఇంకో బస్సు ఉందా అని అడుగుతారు. పదకొండేళ్లు చూశాను."

"రేపు పదిమందిలో తేడా వస్తే?"

"నా సంచి కుర్చీకే తగిలించి ఉంది సార్. తీసుకుని వెళ్తాను."

మర్నాడు వచ్చినవాళ్లలో ఒక నర్సు, ఒక మేస్త్రి, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. పాత తెర మీద చేతిలో ఉన్న డబ్బుకు సరిపోయే టికెట్ పట్టుకున్నవాళ్లు ముగ్గురు. దీని తెర మీద తొమ్మిదిమంది. ఆ పదో ఆయన పైపుల పనివాడు, ఎంతమంది అన్న గడి దగ్గరే ఆగిపోయాడు.

"కనపడుతూనే ఉన్నానుగా, ఒక్కణ్నే. మళ్లీ అడగడమెందుకు?"

అందరూ నవ్వారు గానీ ఇది నవ్వలేదు. ఆయన లేవకముందే ఆ గడిలో ఒకరు అని ముందుగానే రాసి పెట్టింది, ఎక్కువమంది ఉంటే వాళ్లే మార్చుకుంటారని.

పెద్దసారు వెళ్తూ వెళ్తూ కుర్చీ వైపు చూశాడట. "ఆ సంచి అక్కడే ఉండనీ" అన్నాడట.

అదీ సంగతి. ఇప్పుడు ఉద్యోగం ఖాయమైంది, కుర్చీ ఇంకా మెత్తటిది వచ్చింది. నాకున్న బెంగంతా ఆ కుర్చీ గురించే. మీరెవరైనా అటు వెళ్తే రెండో అంతస్తు ఎక్కండి, ఎడమ చేతి వైపు గది. ఊరికే టికెట్ ధర అడిగి చూడండి. ముందు ఎంతమంది అని అడిగిందంటే బాగానే ఉన్నట్టు. అడక్కుండా తలకింత అని చెప్పేసిందనుకోండి, నాకు కబురు పెట్టండి, నేను చూసుకుంటాను.