బావ కలిపిన రెండు సబ్‌వూఫర్లు

మొన్న చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర రోడ్డు దాటబోతుంటే, పక్కన ఆగిన కారులోంచి దరువు వచ్చి నా డొక్కలో తగిలింది. మన ఈడువాళ్లం విసుక్కోవాల్సిన చప్పుడే అది. నా చూపు మాత్రం డిక్కీ మీదికి పోయింది, లోపల స్పీకర్లు ఒకే సైజువి పెట్టారా, వేర్వేరా అని. ఆ వెంటనే బావ గుర్తొచ్చి, మందుల దుకాణానికని బయల్దేరినవాణ్ణి వట్టి చేతులతో ఇంటికి వచ్చేశాను.

తొంభైల్లో మా అక్క భర్తకు నారాయణగూడలో కార్లకు స్పీకర్లు బిగించే చిన్న దుకాణం ఉండేది. నాకు పని నేర్పింది ఆయనే. కొలిచే యంత్రాలు మాకెక్కడివి, చెవే కొలత. కళ్లు మూసుకుని ముందు సీట్లో కూర్చుంటే ఏ మూల ఏ మర వదులైందో చెప్పగలిగిన మనిషి, దుకాణంలో ఉన్న చివరి రెండేళ్లలో సీట్లో కూర్చోవడం మానేసి, డిక్కీ తెరిచి, దరువు పలికే పెద్ద స్పీకరు, అదే సబ్‌వూఫర్, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కుదిరిందని చెప్పడం మొదలుపెట్టాడు. అది చేయి తిరిగిన పనితనం అనుకున్నాను. బుద్ధిలేక నేనూ అలాగే చెయ్యి పెట్టి చూసేవాణ్ణి.

వేర్వేరు సైజులు కలపడమంటే ఆయనకు ప్రాణం. "పెద్దది పప్పు, చిన్నది పోపురా, రెండుంటెనే రుచి" అనేవాడు. అయితే ఒకటి గాలిని ముందుకు నెట్టేటప్పుడు ఇంకొకటి వెనక్కి లాగిందంటే రెండూ ఊగుతూనే ఉంటాయి గానీ కారులో దరువు చచ్చిపోతుందనీ, వైర్లు మార్చి మార్చి వింటూ సరిచేసుకోవాలనీ నాకు చెప్పింది కూడా ఆయనే.

లోయర్ ట్యాంక్ బండ్ నుంచి వచ్చే పాత ఖాతాదారు ఒకాయన కారులో ముందే ఉన్న పదిహేను అంగుళాలదాని పక్కన పది అంగుళాలది బిగించి, చెయ్యి పెట్టి చూసి పంపాడు బావ. మర్నాడు పొద్దున్నే ఆయన తిరిగొచ్చి, ఉన్న దరువు కూడా పోయిందని నలుగురిలో గొడవకు దిగాడు. బావ మళ్లీ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఏంది, ఇంత మంచిగ ఊగుతుంటే" అంటూ సౌండు ఇంకా పెంచాడు. జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను చిన్నదాని వైర్లు రెండూ తిప్పి బిగించేసరికి దరువు లేచొచ్చింది, దాంతోపాటే నా పొగరూ లేచింది. "బావా, చెవిటోడు గూడ చెప్తడు గదా ఇది!" అని అందరి ముందూ అరిచాను.

బావ చేతులు గుడ్డకు తుడుచుకుని, అశోక్ నగర్‌లోని ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ దుకాణం మెట్టు ఎక్కలేదు.

నాలుగు రోజులకు అక్క ఏడుస్తూ చెప్పింది, ఏడాదిగా ఆయనకు కుక్కర్ కూత కూడా వినబడడం లేదని, పెదవులు చూసి మాటలు పోల్చుకుంటున్నాడని, చెవులు పోయినవాడికి కారు ఎవరిస్తారని నా దగ్గర కూడా దాచమన్నాడని. హైదర్‌గూడ డాక్టరు నరం చచ్చిపోయిందన్నాడు. ఆ తర్వాత బావ అశోక్ నగర్ కోచింగుల్లో పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య టీ కొట్టు బల్ల మీద కూర్చుని పొద్దు పుచ్చేవాడు. ఆయన లేని దుకాణాన్ని నేను నాలుగేళ్లు కూడా నిలబెట్టలేకపోయాను.

ఇప్పుడు ఫోనులో సౌండు గీతలు చూసి ఏ సైజునైనా దేనితోనైనా కలిపేస్తున్నారు, చెవితో పనే లేదు. అదేదో అప్పుడే ఉంటే బావ తన దుకాణంలోనే ముసలివాడయ్యేవాడు. ఆయన పోయేలోగా ఎన్నిసార్లు క్షమించమన్నానో లెక్కలేదు. నా పెదవుల వంక చూసి తల ఊపేవాడు, ఎంత అర్థమయిందో తెలియదు. ఆ రోజు మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ అంత నోరు తెరిచి అరిచాను కనుక, ఆ మాట ఆయనకు పూర్తిగా అందింది.