చెయ్యెత్తని ఆవిడ

రాష్ట్రం విడిపోక ముందు, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరులో మేమే ఒక ఓటింగు పెట్టుకున్నాం. ఢిల్లీ ఎలాగూ మనల్ని అడగదు, మనమే అడుగుదామన్నారెవరో. ఉమ్మడి రాష్ట్రం కావాలనేవాళ్లు చేతులెత్తాలి. లెక్కపెట్టే పని నాకిచ్చారు.

"రెండు చేతులూ ఎత్తకు బాబాయ్, దొంగ ఓటవుద్ది," అని ఎదుటి సీటు పెద్దాయన్ని ఆటపట్టించారు.

నా పక్కన కూర్చున్నావిడ చెయ్యెత్తలేదు. నేను చూసేసరికి మెల్లగా అంది:

"నన్ను ఏ లెక్కల ఎయ్యకు అన్నా. మాది నల్గొండ దిక్కు, ఈడికిచ్చిన్రు. తెలంగాణ రావాలని మా తమ్ముడు టెంటుల కూసున్నడు. ఆడు గెలవాలని మొక్కుకున్న. వద్దని మా ఆయన రేపల్లెల టెంటేసిండు. ఆయనకు మజ్జిగ పంపుతున్న. ఎవరు ఓడినా నాకు బువ్వ లోపలికి పోదు."

ఇంతలో, "ఏంటండీ, లెక్క తేలిందా?" అని కేకేశారు.

"పెట్టె మొత్తం ఒకటే మాటండి," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"అంతేగా అమ్మా?" అని పెద్దాయన ఆమెనడిగాడు.

"అవునండి బాబాయిగారూ, అంతేనండి," అంది, అచ్చం మా వాళ్లలాగే.

ఆ పెట్టెలో అందరూ చెయ్యెత్తారని తర్వాత మా బాపట్లలో చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. ఆ రోజు ఆమె మళ్లీ తన యాసలో మాట్లాడుతుందేమోనని రేపల్లె దాకా ఎదురుచూశాను. మాట్లాడలేదు.

ఇప్పటికీ హైదరాబాదు బస్సు నల్గొండలో ఆగినప్పుడు, వెనక సీట్లో ఎవరైనా "అన్నా" అంటే తల తిప్పి చూస్తాను.